జేబులో జీపు

రెండు క్లిప్పులు విప్పి, నల్లటి మూత పక్కకు జరిపి, లోపల ఉన్న రోటరును రెండు వేళ్లతో పైకి లాగాడు హబీబుద్దీన్. అప్పుడే ఆపిన ఇంజను ఇంకా వేడి వదులుతోంది. రోటరును లుంగీ అంచుతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, చొక్కా ఎడమ జేబులో వేసుకున్నాడు. పైనుంచి ఒకసారి తట్టి చూసుకున్నాడు. ఆ తర్వాతే బానెట్ దించాడు.

బొటనవేలంత ముక్క అది. గోధుమరంగు, నెత్తిన చిన్న ఇత్తడి రేకు. పెట్రోలు జీపులో ప్లగ్గులకు నిప్పు పంచిపెట్టేది అదే. అది లేకపోతే బ్యాటరీ ఎంత కొత్తదైనా, ట్యాంకు నిండా పెట్రోలున్నా, సెల్ఫు గరగరమని అరుస్తుందే తప్ప ఇంజను పలకదు. కోరుట్లలో మెట్‌పల్లి రోడ్డు మీద ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. "జీపు ఎక్కడ పెట్టినవ్ చిచ్చా?" అని పిల్లా పెద్దా అడిగేవాళ్లు. "జేబుల పెట్టిన" అనేవాడు హబీబుద్దీన్, నవ్వకుండా. ఊరికి అదొక వేడుక. అతను మాత్రం భయం కొద్దీ చేసేవాడు.

మనిషి పొట్టి. ఏళ్ల తరబడి బండ్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేయడంతో మెడ కొంచెం ముందుకు వంగిపోయింది. గడ్డం నెరిసింది గాని, దాని కొసలు ఎప్పుడూ ఇంజనాయిలు అంటి నల్లగానే ఉంటాయి. కుడిచేతి చూపుడువేలి గోరు ఏనాడో సుత్తి దెబ్బకు కమిలి, అట్లాగే మిగిలిపోయింది. షెడ్డు ముందు ఎవరైనా బుల్లెట్ బండి ఆపితే చాలు, జీపు కింద నుంచి బయటికి కనిపిస్తున్న రెండు కాళ్లూ లోపలికి ముడుచుకుపోయేవి. పిల్లి తుమ్మినా ఉలిక్కిపడతాడని చూసినవాళ్లు నవ్వుకునేవారు.

నవ్వేవాళ్లలో సగం మందికి పాత సంగతి తెలియదు. ఇరవై ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం నలుగురు మనుషులు షెడ్డుకు వచ్చారు. మరమ్మతుకు వచ్చిన ఒక కాంట్రాక్టరు జీపును చూసి "జర తోలి చూస్తం" అన్నారు. తోలుకుపోయారు. వీర్నపల్లి అడవి అంచున అది కాలిపోయి దొరికింది. ఎందుకిచ్చినవ్ అని పోలీసులు తీసుకుపోయి అరికాళ్లు వాచేదాకా అడిగారు. వాపు తగ్గకముందే, పోలీసులకేం చెప్పినవ్ అని అడవి దిక్కు నుంచి ఇంకెవరో ఇంటికొచ్చి అడిగారు. రెండు ప్రశ్నలకూ అతని దగ్గర ఒకటే జవాబు. "బండి చాలయ్యింది సార్, తీస్కపోయిన్రు." బండి స్టార్టయింది, పట్టుకుపోయారు, అంతే. ఆ మాట ఇటువాళ్లూ అటువాళ్లూ నమ్మలేదు.

అప్పటినుంచి షెడ్డులో నిలిచిన ఏ జీపుదైనా, పని కాగానే ఏదో ఒక ముక్క ఊడి అతని జేబులో చేరేది. డీజిల్ జీపైతే నూనె పైపు బోల్టు, పెట్రోలు జీపైతే రోటరు. ఎవరొచ్చి అడిగినా "చాలు కాదు సార్" అని చెప్పవచ్చు. అబద్ధమాడే ధైర్యం కూడా లేని మనిషి కనుక, నిజంగానే చాలు కాకుండా చేసి పెట్టుకునేవాడు.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది మాత్రం అతని సొంత జీపు. ముస్తాబాద్ దిక్కు ఒక దొర గడీలో, కొట్టం పక్కన, చక్రాలు నేలలో దిగబడి, ముందు సీటులో కోళ్లు గుడ్లు పెడుతుంటే చూశాడు. దొర ఎప్పుడో పట్నం చేరాడు. కావలి మనిషి దాన్ని తుక్కు లెక్కన వదిలించుకున్నాడు. ఎడ్లబండికి కట్టి ఈడ్చుకొచ్చిన రోజున, షెడ్డు పక్క పంక్చరు దుకాణం సమ్మయ్య "కోళ్లగూడు కొనుక్కచ్చిండు మా భాయి" అని రోడ్డంతా వినబడేలా నవ్వాడు. గేరుబాక్సు జగిత్యాలలో పాతసామాన్ల దుకాణంలో దొరికింది. ముందు ఇరుసు సిరిసిల్ల నుంచి, మరమగ్గాల తుక్కు మధ్య, లారీలో పడుకుని వచ్చింది. టాపు గుడ్డ కూడా సిరిసిల్లదే. షెడ్డుకు వచ్చిన జీపులన్నిటికీ జనం డీజిల్ ఇంజన్లు ఎక్కించుకుంటుంటే, ఇతను దాని పుట్టు ఇంజన్నే విప్పి, కడిగి, రింగులు మార్చి నిలబెట్టాడు. పెట్రోలు తాగుతుందని ఎవరైనా అంటే "తాగనియ్యి, నేనేం రోజు తోల్తనా?" అనేవాడు.

నిజమే, తోలేవాడు కాదు. పొద్దున్నే చాలు చేసి కాసేపు చప్పుడు వినేవాడు, ఆపేవాడు, రోటరు తీసేవాడు. సిరిసిల్ల బట్టల షావుకారు రవీందర్‌కు పాత జీపులంటే పిచ్చి. కొంటానని ఎన్నిసార్లో వచ్చాడు. ప్రతిసారీ ఇతను బానెట్ ఎత్తి చూపించేవాడే గాని, రోటరు మాత్రం జేబులోంచి బయటికి తీయడు. "పిల్లను చూపిస్తమని పిలిచి తలుపు తియ్యకపోతే ఎట్లనే?" అని రవీందర్ విసుక్కుని వెళ్లిపోయేవాడు.

ఒక్కసారి మాత్రం ఆ జీపు బలం లోకానికి తెలిసింది. సారంగాపూర్ దగ్గర వాగులో గడ్డి ట్రాక్టరు దిగబడితే సమ్మయ్య బతిమాలి తీసుకుపోయాడు. గేరు కర్ర పక్కనుండే చిన్న లివరును ముందుకు తోయగానే నాలుగు చక్రాలూ కలిసి మట్టిని పట్టుకున్నాయి. ట్రాక్టరు బురదలోంచి ఊడివస్తుంటే ఒడ్డున జనం ఈలలు వేశారు. హబీబుద్దీన్ ఆ రోజు నోరంతా తెరిచి నవ్వాడనీ, పైపళ్లలో ఒకటి లేదని తనకు అప్పుడే తెలిసిందనీ సమ్మయ్య చెబుతుంటాడు.

సకల జనుల సమ్మె మొదలై అప్పటికి చాలా రోజులైంది. బస్సులు డిపో దాటడం లేదు. బడులు లేవు, కచేరీలు లేవు, ఆటోలు కూడా లేవు. ఆ పూట చౌరస్తాలో వంటా వార్పు. నడిరోడ్డు మీద మూడురాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో ఎసరు పోస్తున్నారు. టెంటులోంచి డప్పు, పాట వినిపిస్తున్నాయి. తెలంగాణ రావద్దని హబీబుద్దీన్ ఎన్నడూ అనుకోలేదు. వస్తే మంచిదే. వచ్చేదాకా తన జీపు ఎవరి కంటా పడకుంటే ఇంకా మంచిది.

పడనే పడింది. పొయ్యిల దగ్గరి నుంచి జలపతి వచ్చాడు. డిగ్రీ చదివే పిల్లగాడు, చౌరస్తా టెంటు నడిపేది అతనే. మెడలో కండువా, కళ్లలో పొగ.

"చిచ్చా, రేపు జగిత్యాలకు ర్యాలీ ఉన్నది. నీ జీపు ముంగటుండాలె. టాపు తీసేసి, జెండ కట్టి, డప్పులోళ్లను ఎక్కిస్తం."

"అది నడువది బేటా."

"నడువకనా? పొద్దుగాల చప్పుడు విన్న గద!" జలపతి నవ్వి అతని జేబు వైపు వేలు చూపాడు. "గా జేబుల ముక్క పెడితె నడుస్తది. పెట్రోలు మేం పోసుకుంటం. రేపు పొద్దుగాల్నే అస్తం, తయారుంచు."

ఆ గొంతులో బెదిరింపు లేదు. పెద్దమనిషి అనే మర్యాద కూడా ఉంది. కాని "అస్తం" అన్న మాట వినగానే హబీబుద్దీన్‌కు అరికాళ్లు సలిపాయి. ఆ పాత మధ్యాహ్నం వచ్చినవాళ్లు కూడా మర్యాదగానే అడిగారు.

జలపతి వెళ్లిన కాసేపటికే బుల్లెట్ చప్పుడైంది. కానిస్టేబుల్ బండి దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి అడిగాడు.

"ఆ పోరడు ఏమన్నడు?"

"ఏమన్లే సాబ్."

"ఏమనకుంట గంతసేపు నిలవడ్డడా? ఇను. రేపు ర్యాలీల నీ జీపు కనవడ్డదనుకో, కేసు నీ మీదనే. బండి నీది, పేరు నీది. గట్లయితే చెప్పు, ఇయ్యాల్నే తీస్కపోయి ఠాణాల పెట్టుకుంటం."

"చాలు కాదు సాబ్" అన్నాడు హబీబుద్దీన్. కానిస్టేబుల్ అతని జేబు వైపు చూసి, ముసిముసిగా నవ్వి, బండి తిప్పుకుని వెళ్లాడు.

పాము కరిచినవాడు తాడును చూసినా జడుసుకుంటాడంటారు. ఇక్కడ తాళ్లు రెండు. ఇస్తే పోలీసులు, ఇవ్వకపోతే ఊరు. హబీబుద్దీన్ స్టూలు మీద కూర్చుని కుడిచేతి బొటనవేలితో వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ తాకుతూ అల్లా పేరు లెక్కపెట్టే తస్బీ చదువుకున్నాడు. భయమేసినప్పుడల్లా అతనికి అదే ఆసరా. పెదవులు కదిలేవి కావు, బొటనవేలు మాత్రం కణుపుల మీద తిరుగుతూ ఉండేది. గుండె దడదడలాడుతోంది. ఆ దడ అతనికి చిన్నప్పటి చుట్టంలాంటిది. అందుకే ఈసారి వచ్చింది ఆ చుట్టం కాదని పోల్చుకోలేకపోయాడు.

అతన్ని మరింత కలవరపెట్టింది వాళ్లిద్దరి చూపు. ఇద్దరూ జేబునే చూశారు. ఊరంతటికీ తెలిసిన జేబు దాపరికం ఎట్లా అవుతుంది? రేపు ఎవరు వచ్చినా మొదటి చెయ్యి అక్కడికే వస్తుంది.

షెడ్డు వెనకే ఇల్లు. ఒక గది, వంటకు ఒక వసారా. లోపలికి వెళ్లేసరికి భార్య గౌసియాబీ పెరట్లో బియ్యం కడుగుతోంది. పెళ్లయిన నాటినుంచి ఆమె బీడీలు చేస్తోంది. బొటనవేలు, మిగతా వేళ్లు కలిసి ఆకును చుట్టే పని ఎంతగా పట్టుబడిందంటే, ఖాళీగా కూర్చుని ముచ్చట పెడుతున్నా ఆ వేళ్లు వాటంతట అవే కదులుతుంటాయి. సమ్మె వచ్చాక లారీలు రాలేదు, కార్ఖానా తెరవలేదు, ఆకు పంచలేదు. బీడీల చాట గోడకు ఆనించి ఉంది. దాని పక్కన తంబాకు డబ్బా, మూత బిగించి.

హబీబుద్దీన్ తలుపు వైపు ఒకసారి చూశాడు. డబ్బా మూత తీసి, రోటరును తంబాకు లోపలికి వేళ్లు మునిగేదాకా దిగేసి, పైన సాపు చేశాడు. గోధుమరంగులో గోధుమరంగు కలిసిపోయింది. కార్ఖానా తెరిచేదాకా ఈ డబ్బా జోలికి ఎవరూ రారు.

గౌసియాకు చెప్పాలా అని ఆలోచించాడు. చెబితే ఆమెను కూడా అడుగుతారు. తెలియని మనిషిని ఎంత గద్దించినా ఏం చెబుతుంది? వేళ్లకంటిన తంబాకును లుంగీకి తుడుచుకుని, దగ్గు ఆపుకుంటూ బయటికి వచ్చాడు.

మధ్యాహ్నం సమ్మయ్య విస్తరాకులో బగారన్నం, పప్పుచారు పట్టుకొచ్చాడు. సమ్మయ్య ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టు మీది నుంచి పడి కాలు విరిగాక కొన్నాళ్లు పాసింజరు జీపు తోలాడు, ఇప్పుడు టైర్లకు గాలి కొడుతున్నాడు.

"చౌరస్తాల వండిన బువ్వ, తిను. ఊరంతా తింటున్నది. ఏంది, మొఖం గట్లున్నది?"

"ఏం లేదు సమ్మన్నా. ఎడమ చెయ్యి గుంజుతున్నది. నిన్న జాకీ లేపిన."

"జాకీ లేపితె చెమట ఇయ్యాల పడుతదా?" సమ్మయ్య నవ్వించాలని ఎప్పటి మాటే అడిగాడు. "జీపు ఏడున్నది భాయ్?"

"జేబుల లేదు" అన్నాడు హబీబుద్దీన్.

సమ్మయ్య అదేదో కొత్త ఎకసెక్కమనుకున్నాడు. నవ్వి దుకాణంలోకి వెళ్లాడు. రెండో టైరు విప్పుతుండగా షెడ్డులో రేకు డబ్బా దొర్లిన చప్పుడు వినిపించింది.

హబీబుద్దీన్ జీపు ముందు చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం బూడిద రంగుకు తిరిగింది. నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. సమ్మయ్య అరిచిన అరుపుకు గౌసియాబీ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "అజీ, క్యా హువా? అజీ!"

సమ్మయ్య అంబులెన్సుకు ఫోను చేశాడు. ఉన్న ఒక్క బండీ కాన్పు కేసుతో జగిత్యాల పోయిందట, తోవలో చెట్లు నరికి అడ్డం వేశారట, ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదట. ఎవరిదో మోటారు సైకిలు తెచ్చారు. ఎక్కించి కూర్చోబెడితే నడుము నిలవక పక్కకు ఒరిగిపోయాడు. ఇక జీపే దిక్కు. ఇద్దరు పట్టి అతన్ని ముందు సీటులోకి చేర్చారు. సమ్మయ్య బానెట్ ఎత్తి, మూత విప్పి చూసి, ఒక్క ఉదుటున వెనక్కి వచ్చి అతని జేబులో చెయ్యి పెట్టాడు.

జేబులో ఒక నట్టు, రుమాలు తప్ప ఏమీ లేవు.

"భాభీ, రోటరు! ఇంట్ల చూడున్రి!"

గౌసియాబీ ఇంట్లోకి పరుగెత్తింది. పండగ కుర్తా జేబులు తిరగేసింది. ట్రంకు పెట్టె బోర్లించింది. పరుపు దులిపింది, గూట్లో సామాను కింద పడేసింది. చాట కింద ఉందేమోనని తంబాకు డబ్బాను చేత్తో పక్కకు జరిపి, చాట ఎత్తి చూసింది. లేదు. బయట సమ్మయ్య ఏమీ తోచక తాళం తిప్పుతూనే ఉన్నాడు. సెల్ఫు గరగరమని అరుస్తోంది, ఇంజను పలకడం లేదు. ఆ అరుపు హబీబుద్దీన్‌కు వినిపిస్తోంది. ఆ రోటరు ఎక్కడుందో తెలిసినవాడు అతనొక్కడే. అతని నాలుక కదలడం లేదు.

కుడిచెయ్యి మాత్రం తొడ మీద ఉంది. బొటనవేలు మిగతా వేళ్ల మీద కదులుతోంది.

అరుపులు విని జలపతి, వాళ్ల టెంటు పిల్లలు పరుగెత్తుకొచ్చారు. సంగతి విన్న మరుక్షణం జలపతి కండువా నడుముకు బిగించాడు. "ఎతుకుడు బంద్ చెయ్యిన్రి. దొబ్బుదాం పట్టున్రి! దవాఖాన ఎంత దూరం?"

సమ్మయ్య స్టీరింగు పట్టుకున్నాడు. గౌసియాబీ భర్త పక్కన ఇరుక్కుని కూర్చుని అతన్ని భుజానికి ఆనించుకుంది. పదిమంది వెనకనుంచి నెట్టారు. జీపు షెడ్డు దాటి రోడ్డెక్కింది. ఏ పిల్లలు ర్యాలీకి తోలుకుపోతారోనని అతను పొద్దుటి నుంచి వణికిపోయాడో, ఆ పిల్లల చేతుల మీదే ఇంజను చప్పుడు లేకుండా కదిలిపోతోంది. చౌరస్తాలో పొయ్యిలు అడ్డం వచ్చాయి. వండుతున్నవాళ్లు మండే కట్టెలు చేతులతో ఇవతలికి లాగారు, అన్నం గంజులు ఎత్తి పక్కన పెట్టారు. డప్పు ఆగిపోయింది. అక్కడ కాపలా ఉన్న పొద్దుటి కానిస్టేబుల్ ఒక్క క్షణం చూసి, లాఠీ చంకలో ఇరికించుకుని, తనూ వెనక చక్రం పక్కన భుజం ఆనించాడు.

గౌసియాబీకి ఇవేవీ కనిపించలేదు. ఆమె అతని చేతినే చూస్తోంది. బొటనవేలు వేళ్ల మీద ఆగకుండా తిరుగుతోంది. అతను కళ్లు తిప్పి ఆమె మొహంలోకి చూశాడు, మళ్లీ తన చేతి వైపు చూశాడు. తస్బీ చదువుతున్నాడని ఆమెకు అర్థమైంది. మనిషి వెళ్లిపోవడానికి తయారవుతున్నాడని అర్థమైంది. భయపడుతూనే, తన చేతిని అతని చేతి మీద వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, పోయే మనిషికి చివరిగా వినిపించే కలిమా చదవడం మొదలుపెట్టింది. "లా ఇలాహ ఇల్లల్లాహ్..."

ఆమె చేతి కింద అతని వేళ్లు ఇంకా గట్టిగా కదిలాయి. ఆమె ఇంకా గట్టిగా చదివింది. దవాఖాన మలుపు కనిపించేలోపే ఆ వేళ్లు ఆగిపోయాయి. నెట్టేవాళ్లకు తెలియదు. వాళ్లు గేటు దాకా నెడుతూనే ఉన్నారు.

అంతిమయాత్రలో జనాజాకు జలపతి భుజం పట్టాడు. జీపును మళ్లీ పిల్లలే నెట్టుకొచ్చి షెడ్డులో పెట్టారు. రవీందర్ సిరిసిల్ల నుంచి పలకరింపుకు వచ్చి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అడగకుండా వెళ్లాడు. "ఇంకో రోటరు తెప్పిస్త భాభీ" అని సమ్మయ్య తలుపవతల నిలబడి అన్నాడు. "ఇప్పుడెందుకు సమ్మన్నా" అంది గౌసియాబీ లోపలినుంచి.

సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. కార్ఖానా తెరిచారు. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్న గౌసియాబీ గడప దాటకూడదు కనుక, పక్కింటి జబీన్ ఆమె వంతు ఆకు కూడా తెచ్చి ఇచ్చింది. ఆకు తడిపి, కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని గౌసియాబీ తంబాకు డబ్బా మూత తీసింది. ఘాటు ముక్కుకు తగిలింది. గుప్పెడు తీయబోతే వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది. గడ్డకట్టిన తంబాకు అనుకుంది. తీసి చాటలో వేసి విదిలించింది. ఇత్తడి రేకు కనిపించింది.

వంగి చూసింది. రోటరు. డబ్బాను పక్కకు జరిపి చాట కింద వెతికిన తన చెయ్యి గుర్తొచ్చింది. ఆ తర్వాత ఒళ్లో ఉన్న కుడిచేతి వైపు చూసుకుంది. ఆకు లేకపోయినా, తంబాకు లేకపోయినా, అలవాటు చొప్పున బొటనవేలు మిగతా వేళ్ల మీద కదులుతోంది. బీడీ చుడుతోంది. ఆ రోజు జీపులో అతని వేళ్లు కదిలినట్టే.

అతను తస్బీ చదవలేదు. బీడీ చుట్టి చూపిస్తూ, రోటరు ఎక్కడుందో చెబుతున్నాడు. తను ఆ చేతిని మూసిపెట్టి కలిమా చదివింది.

"యా అల్లా" అంది గౌసియాబీ. ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ అతను ఒక్కడే మోసిన భయమంతా ఇప్పుడు తన మీదికి దిగినట్టయి, వెళ్లి తలుపు గడియ పెట్టింది, గోడకు ఆనుకుని కూర్చుంది, గడియ పడిందో లేదో అని మళ్లీ లేచి చూసింది. చాటలో, కత్తిరించిన ఆకుల మధ్య, తంబాకు పొడి అంటుకున్న రోటరు పడి ఉంది.